ఇంకా తెగని కడ్డీ

ఆ రిజిస్టరులో పేజీకి ఆరు గడులు. తేదీ, సమయం, ఫర్నేసు నంబరు, వేడి, రీడింగు, రిమార్కులు. మొదటి అయిదు గడులనూ ఇరవై ఆరేళ్ళపాటు నింపిన మనిషికి ఆరో గడిలో ఒక్క ముక్క రాసే హక్కు లేదు. కొత్తలో ఒకసారి రాసింది: "కిటికీ ఎవరో తెరిచి వదిలేశారు, అందుకే వేడి రెండు డిగ్రీలు తగ్గింది." మర్నాటికి ఆ వాక్యం మీద ఎర్రసిరా గీత అడ్డంగా పడి ఉంది. పక్కన ఆఫీసరు దస్తూరి: "అంకెలు మాత్రమే." ఆమె ఆ గీతను కాసేపు చూసి, పేజీ తిప్పి, ఆ రోజు అంకెలు రాసుకుంది.

జీతాల పట్టీలో ఆమె ఊడ్చే మనిషి. ఊడ్చే మనిషి రాసే అంకెలు సంస్థకు కావాలి. ఊడ్చే మనిషి రాసే మాటలు సంస్థకు నామోషీ. ఆ అంకెలను గ్రాఫులుగా గీసి, గట్టి అట్ట వేసి, లోహాల బలం మీద పెద్ద డేటా పుస్తకంగా అచ్చు వేశారు. మూడు ముద్రణలు పడ్డాయి. ముందు పేజీల్లో డైరెక్టరు పేరుంది, ఆఫీసరు పేరుంది, టైపు చేసినాయన పేరుంది, కాగితం సరఫరా చేసిన కంపెనీ పేరు కూడా ఉంది. ఆమె పేరు లేదు. ఒకసారి జరిగితే పొరపాటు అనుకోవచ్చు. మూడు ముద్రణల్లోనూ జరిగితే దాన్ని పద్ధతి అనాలి.

ల్యాబులో అందరూ ఆమెను డయలమ్మ అనేవాళ్ళు. మొదట వెక్కిరింతకు పెట్టారు, తరవాత అదే నిలిచిపోయింది.

ఆమె ఆ గదిలోకి వచ్చింది ముప్ఫై నాలుగో ఏట, చీపురుతో. పొడుగాటి గది. రెండు వరసల్లో నలభై ఫర్నేసులు, నడుమెత్తు పీపాల్లా, వెచ్చటి ఊపిరి వదులుతూ నిలబడి ఉంటాయి. ఒక్కోదాని కడుపులో చూపుడువేలంత ఉక్కు కడ్డీ. దాన్ని పైన బిగించి, మీటకు ఇనుప బిళ్ళలు తగిలించి బరువు లాగేట్టు చేస్తారు. కార్ఖానాల్లో, కరెంటు కేంద్రాల్లో ఆవిరి గొట్టాలకు ఉండేంత వేడిని ఏళ్ళ తరబడి ఆపకుండా ఇస్తారు. ఆ వేడిలో బరువు మోస్తున్న ఉక్కు ఊరికే ఉండదు. సాగుతుంది. ఆ సాగడం కంటికి ఆనదు. ఫర్నేసు కింద బిగించిన గడియారం లాంటి డయల్ గేజిలో ముల్లు ఒక సన్నగీత జరిగితే మిల్లీమీటరులో వెయ్యో వంతు సాగినట్టు. దీన్ని క్రీప్ టెస్టు అంటారు. ఏ ఉక్కు ఎంత బరువుకు, ఎంత వేడిలో, ఎన్నేళ్ళకు తెగుతుందో చెప్పాలంటే రోజూ ఒక మనిషి ఆ ముల్లు ముందు మోకాళ్ళు వంచాలి. వేరే దారి లేదు. ఆవిరి గొట్టం పక్కన డ్యూటీ చేసేవాళ్ళ ప్రాణాలు ఆ గీతల లెక్క మీదే నిలబడి ఉన్నాయి.

రీడింగులు తీసే గుమాస్తా ఒకతను సెలవు పెట్టి, ఇంకో ఉద్యోగం చూసుకుని తిరిగి రాలేదు. ఆఫీసరు గుమ్మంలో నిలబడి, ఊడుస్తున్న ఆమెను అడిగాడు.

"నీకు అంకెలు వచ్చా?"

"వచ్చు సార్. ఏడో తరగతి దాకా చదివాను."

"అయితే ఆ చీపురు పక్కన పెట్టి ఇటు రా. కాసేపే."

ఆ కాసేపు ఇరవై ఆరేళ్ళు నడిచింది. పైగా చీపురు పక్కకు పోనేలేదు. పొద్దున ఎనిమిదింటి నుంచి పదిన్నర దాకా రీడింగులు, ఆ తరవాత ఊడవడం, తుడవడం. రెండు పనులు, ఒక జీతం. అదీ చిన్న పని జీతం.

పనిలో ఆమెకు వంకలు పెట్టినవాళ్ళు లేరు. నిలబడి చూస్తే ముల్లు ఒక గీత మీద కనిపిస్తుందనీ, కన్ను ముల్లుకు సమంగా వచ్చేట్టు వంగితే ఇంకో గీత మీద ఉంటుందనీ ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. అప్పటినుంచీ నలభై ఫర్నేసుల దగ్గరా నలభైసార్లు మోకాళ్ళు వంచేది. ఏ కడ్డీ మొదట గబగబా సాగి తరవాత నెమ్మదిస్తుందో, ఏది తెగబోయే ముందు మళ్ళీ పరుగందుకుంటుందో ఆమెకు నోటికి వచ్చు. "ఏడో నంబరుది ఈ నెల దాటదు సార్," అనేది. నెల దాటేది కాదు. ఆఫీసరు ఆ మాటను తన అంచనాగా నివేదికలో రాసుకునేవాడు.

ఆమె చేతిలో తొంభై మూడు కడ్డీలు తెగాయి. ఒక్కటి కూడా ఆమె ఎదుట తెగలేదు. పొద్దున తాళం తీసేసరికి ఎక్కడో ఒక మీట కిందపడి ఉండేది, దాని కింది ఇసుకపెట్టెలో గుంట పడి ఉండేది, గంటలు లెక్కపెట్టే చిన్న మీటరు ఆగిపోయి ఉండేది. తెగినప్పుడు చప్పుడు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని చాకిరీ చేసి, చివరి ఘడియలో మాత్రం ఎప్పుడూ లేకుండా పోయింది. ఆమెకు మిగిలిన కోరిక ఇదొక్కటే: ఒక కడ్డీ తెగే వేళకు ఆ గదిలో ఉండాలి. అది ఏ కడ్డీ అంటే, పద్నాలుగో నంబరుది.

పద్నాలుగో ఫర్నేసులో కడ్డీకి ఇరవై ఒక్కేళ్ళ కిందట బరువు ఎక్కించారు. బరువు తక్కువ, ఓపిక ఎక్కువ. మూడు రోజులకు ఒక్క గీత జరుగుతుంది. లెక్కల ప్రకారం పాతికేళ్ళు ఆగాలి. ఆ ఉక్కుతో చేసిన గొట్టాలన్నిటినీ ఆ లెక్క మీదే పాతికేళ్ళకని బిగించారు. లెక్క నిజమో కాదో చెప్పగలిగింది ఈ ఒక్క కడ్డీయే. డేటా పుస్తకంలో తెగిన కడ్డీలకు ఉత్త చుక్క పెడతారు. తెగనివాటికి చుక్క పక్కన కుడివైపుకు చిన్న బాణం గీస్తారు. ఇంకా నడుస్తోంది అని దాని అర్థం. మూడో ముద్రణలో, ఆ ఉక్కు పేజీలో, ఒకే ఒక్క బాణం ఉంది.

అరవై నిండగానే ఆమెను ఇంటికి పంపారు. ఇంట్లో ఆమె, ఆమె చెల్లెలు. చెల్లెలు బట్టలు కుడుతుంది; ముందు గది అంతా మిషను, కత్తిరింపులు, బొత్తాల డబ్బాలు. ఎనిమిది అయ్యేసరికి డయలమ్మకు కాలు నిలిచేది కాదు. పెరట్లో బట్టలారేసే తీగ మధ్యలో కిందికి వాలిందని గోడకు పెన్సిలు గీత పెట్టి రోజూ చూడటం మొదలుపెట్టింది.

"దండేనికి కూడా రీడింగు తీస్తున్నావా అక్కా," అంది చెల్లెలు. "నాకు నడుము వంగిపోతోంది, దానికీ ఒక గీత పెట్టు."

"నీ నడుము నీ మిషను వల్ల వంగింది. దానికి రీడింగు దండగ."

వారం తిరగకుండానే ల్యాబు గేటుకు ఫోను చేసింది. ఆమె స్థానంలోకి కాంట్రాక్టు మీద వచ్చిన రీడరుకు నలభై దాటాయి. తాడిచెట్టంత మనిషి కావడంతో అందరూ పొడుగాయన అంటారు. గేటు దగ్గర ఫోను అతని చేతికిచ్చారు.

"పద్నాలుగు ఎంత?" అని అడిగింది.

"బాగున్నావా అని అడగవా అమ్మా?"

"నువ్వు బాగానే ఉంటావు. పద్నాలుగు ఎంత?"

"సున్నా పాయింటు ఆరు నాలుగు ఒకటి."

"వంగి చూశావా, నిలబడి చూశావా?"

"ఉండమ్మా, మళ్ళీ చూసొస్తా."

"ఊ. వంగు. నీ పొడుగు మీ అత్తగారింట్లో చూపించుకో, డయలు దగ్గర కాదు."

అప్పటినుంచి రెండేళ్ళుగా, సెలవులు తప్పిస్తే, రోజూ ఎనిమిదింపావుకు ఆ ఫోను. పొడుగాయన ఆమె దగ్గర ఫోనులోనే పని నేర్చుకున్నాడు. ఆమె ఆ అంకెను క్యాలెండరు గడిలో రాసుకుని, ఇక రోజు మొదలైనట్టు స్నానానికి లేచేది. వేసవి సెలవుల్లో నాలుగు రోజులు ల్యాబు మూసినప్పుడు అన్నం సయించేది కాదు. "తెగితే ఇప్పుడే తెగుతుందే," అనేది చెల్లెలితో. "ఎవరూ లేకుండా చూసి తెగడం వాటికి అలవాటు." తెగితే మంచిదా, తెగకపోతే మంచిదా అని చెల్లెలు అడిగితే మాత్రం రెండూ నిజమే అనిపించేది. తెగకుండా ఉండాలని ఉంటుంది, ఎందుకంటే ఎంతకాలం నిలబడితే గొట్టాల దగ్గర మనుషులు అంత క్షేమం. తెగాలనీ ఉంటుంది, తను బతికి ఉండగా.

పోయిన నెల ఒక రోజు పొడుగాయన రీడింగు చెప్పాక ఫోను పెట్టలేదు.

"అమ్మా, ఒక మాట. పద్నాలుగును దించేస్తారట."

"ఎవరు? తెగలేదుగా."

"తెగకుండానే. ఈ నెలాఖరుకు. ఆడిట్‌వాళ్ళు వచ్చారు. పాత లెక్కలు తిరగేశారు. ఆరేళ్ళ కిందట ఒక రోజు రీడింగు ఒకటి పాయింటు తొమ్మిది నాలుగు మూడు ఉందంట, మర్నాడు సున్నా పాయింటు రెండు ఒకటి నాలుగు ఉందంట. ఉక్కు తెల్లారేసరికి పొట్టిదైపోయిందా అని అడిగారు. కంప్యూటరులో ఎవరో ఆ తేడాను కలిపేసి గీత సాఫీగా చేశారంట, ఎందుకు కలిపారో రిమార్కుల్లో ఒక్క ముక్క లేదంట. కారణం లేని సవరణ కాబట్టి ఆ రోజు నుంచి లెక్క చెల్లదన్నారు. చెల్లని టెస్టుకు కరెంటు ఎందుకని డైరెక్టరుగారు... అమ్మా, ఉన్నావా?"

ఉంది. ఫోను పెట్టేసి, క్యాలెండరులో ఆ రోజు అంకె రాసుకుంది.

ఆ రోజు చెల్లెలు కుట్టుపని ముగించి చూస్తే అక్క గోడకానుకుని కూర్చుని ఉంది. ఆరేళ్ళుగా తేలు కుట్టిన దొంగలా దాచుకున్న మాట అప్పుడు బయటపెట్టింది.

ఆ గేజిని కదిలించింది ఆమే. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి పద్నాలుగు రీడింగు రాసింది. పదిన్నరకు చీపురు పట్టుకుంది. ఫర్నేసు వెనక బూజు పట్టిందని పొడుగు కర్రతో దులుపుతుంటే కర్ర చివర గేజి స్టాండుకు తగిలింది. గేజి జారింది. కడ్డీకి, మీటకు, బరువులకు ఏమీ కాలేదు, చూసుకుంది. అక్కడ ఎవరూ లేరు. గేజిని మళ్ళీ కూర్చోబెట్టి మర బిగించింది. బిగించాక ముల్లు సున్నా పాయింటు రెండు ఒకటి నాలుగు మీద ఆగింది. రెండోసారి కదిలిస్తే మరింత పాడవుతుందని అలాగే వదిలేసింది. మర్నాడు ఊరి నుంచి వచ్చిన ఆఫీసరుకు అంతా చెప్పింది. "సరే, నేను రాస్తాలే. నువ్వు ఎవరితోనూ అనకు," అన్నాడు. అతను రాయలేదు. రెండు అంకెల తేడా కంప్యూటరులో కలిపి ఊరుకున్నాడు.

"రీడింగు తీసే మనిషి చేతిలో చీపురు ఎందుకుంది అక్కా?" అంది చెల్లెలు. "తప్పు కర్రది కాదు."

"కర్ర పట్టుకుంది నేనే కదే."

"ఇప్పుడు చెప్తే నీ పింఛను మీదకి వస్తుందేమో."

"రానీ. నేను చెప్పకపోతే దాన్ని దించేస్తారు."

మర్నాడే పాత ఆఫీసరు ఇంటికి వెళ్ళింది. అతను రిటైరై అయిదేళ్ళయింది. ముందు గదిలో అద్దాల బీరువా, అందులో జ్ఞాపికలు, మధ్యలో డేటా పుస్తకం మూడు ముద్రణలూ నిలబెట్టి ఉన్నాయి. ఆమెను గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోమన్నాడు.

"ఏమ్మా, బాగున్నావా? పింఛను వస్తోందా?"

"వస్తోంది సార్. పద్నాలుగు సంగతి చెప్పడానికొచ్చాను." చెప్పింది. "ఆ రోజు నేను మీతో అన్న మాట మీరు ఒక కాగితం మీద రాసి సంతకం పెడితే చాలు సార్. ఒకటి పాయింటు ఏడు రెండు తొమ్మిది కలిపింది మీరేగా."

"ఎప్పటి మాట ఇది? నాకు గుర్తు లేదు."

"గుర్తు లేకుండా అంకె ఎలా కలిపారు సార్?"

అతను కళ్ళజోడు తీసి తుడిచాడు. గొంతు తగ్గించాడు. "చూడమ్మా, నేను రాసిచ్చాననుకో. వాళ్ళు ముందుగా ఏమడుగుతారో తెలుసా? ఊడ్చే మనిషి ఆ గదిలో ఒంటరిగా రీడింగులు ఎందుకు తీస్తోందని అడుగుతారు."

"నేను కూడా అదే అడగాలనుకునేదాన్ని సార్. ఇరవై ఆరేళ్ళు."

లోపలినుంచి ఆయన భార్య మంచినీళ్ళ గ్లాసు తెచ్చింది. డయలమ్మ తాగి, గ్లాసు కింద పెట్టి లేచింది. గుమ్మం దాటుతుంటే అతను అన్నాడు: "నువ్వు ఇంక వాటి గురించి ఆలోచించకు. హాయిగా ఉండు." హాయి అంటే ఏమిటో అతనికి తెలిసినట్టే మాట్లాడాడు.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళు కొత్తేమీ కాదు. ఈ తెప్ప మాత్రం తనంతట తానే నడిచి ల్యాబు గేటుకు వచ్చింది.

గేటు కాపలా అతను ఆమెకు పాత మనిషే. "లోపలికి పంపితే నా ఉద్యోగం పోతుంది డయలమ్మా," అన్నాడు, ఫోను తీస్తూనే. "ఆగు, మేడమ్‌ని పిలుస్తా. బెంచీ మీద కూర్చో. ఎండగా ఉంది, ఇటు జరుగు."

మేడమ్ అంటే కొత్త ఆఫీసరు, ముప్ఫై అయిదేళ్ళావిడ, చేరి ఏడాది కూడా కాలేదు. ఆమె గేటుదాకా వచ్చి నిలబడే విన్నది. మధ్యలో ఒక్కసారీ చేతి గడియారం చూసుకోలేదు. అంతా విన్నాక అంది:

"మీరు చెప్పేది నేను నమ్ముతాను అమ్మా. కానీ ఆడిట్‌కు నమ్మకంతో పని లేదు. రిజిస్టరులో ఇప్పుడు రాస్తే అది ఇంకో తప్పవుతుంది. మీ మాట తప్ప ఇంకేదైనా ఉందా?"

"కడ్డీ ఉంది కదా మేడమ్."

"అంటే?"

"ఫర్నేసు కిందినుంచి రెండు సన్నరాడ్లు బయటికి వస్తాయి చూడండి. ఒకటి కడ్డీ పైభాగాన్ని పట్టుకుని ఉంటుంది, ఒకటి కింది భాగాన్ని. కడ్డీ సాగినకొద్దీ ఆ రెండిటి చివరల మధ్య సందు పెరుగుతుంది. గేజి ఆ సందునే చూపిస్తుంది. గేజి జారింది గానీ రాడ్లు జారలేదు. మొదటి రోజు సందు ఎంతో బరువెక్కించిన కాగితంలో రాసి ఉంటుంది. ఇప్పుడు వెర్నియరు కొలబద్దతో సందు కొలవండి. నా మాట అబద్ధమైతే అక్కడే తేలిపోతుంది."

కొత్త ఆఫీసరు తల ఊపింది. తరవాత కాపలా అతనితో అంది, "ఈవిడ పేరు సందర్శకుల పుస్తకంలో రాయించండి. నాతో వస్తారు."

రెండేళ్ళ తరవాత ఆమె ఆ గదిలోకి అడుగుపెట్టింది. అదే వెచ్చదనం, కరెంటు రిలేల అదే టిక్కుటిక్కు. నేల మీద కొత్తగా పసుపు గీత వేశారు, సందర్శకులు దాటకూడదు. ఆమె గీత ఇవతలే ఆగింది. పద్నాలుగు అక్కడికి పది అడుగులు. కళ్ళు అటే ఉన్నాయి. చేతులు ఏం చేయాలో తోచక చీర కొంగును పట్టుకున్నాయి. పొడుగాయన పలకరిస్తే తల ఊపింది.

ఆఫీసరు పాత కాగితం తీయించింది. మొదటి రోజు సందు పన్నెండు పాయింటు నాలుగు సున్నా మిల్లీమీటర్లు. "కొలిచేముందు మీరు చెప్పండి," అంది. "ఎంత రావాలి? ఈ కాగితం మీద రాయండి."

డయలమ్మ వేళ్ళ కణుపులు లెక్కబెట్టుకుంది. జారకముందు ఒకటి పాయింటు తొమ్మిది నాలుగు మూడు. జారాక రెండు ఒకటి నాలుగు నుంచి నేటి ఎనిమిది నాలుగు ఏడు దాకా, ఆరు మూడు మూడు. రెండూ కలిపితే రెండు పాయింటు అయిదు ఏడు ఆరు. దానికి పన్నెండు పాయింటు నాలుగు. కాగితం మీద రాసింది: 14.976. రాశాక అలవాటు చొప్పున అక్కడే ఆగిపోయింది.

ఆఫీసరు మోకాళ్ళ మీద కూర్చుని వెర్నియరు చేతిలోకి తీసుకుంది.

"మేడమ్, గేజిని తాకకుండా కుడివైపునుంచి పెట్టండి," అంది డయలమ్మ గీత ఇవతలినుంచి. "ఊపిరి బిగపట్టండి. చదివేటప్పుడు మాత్రం తొందర వద్దు."

మొదటిసారి పద్నాలుగు పాయింటు తొమ్మిది ఎనిమిది. రెండోసారీ అంతే. మూడోసారి పొడుగాయన కొలిచాడు, ఆమె అడక్కముందే వంగి. అతనికీ అంతే వచ్చింది. ఆ వెర్నియరు చూపగలిగే అతి చిన్న తేడా మిల్లీమీటరులో నూటికి రెండు వంతులు. అంతకంటే దగ్గరగా నిజం చెప్పడం ఆ పనిముట్టు తరం కాదు.

"ఆరేళ్ళ కిందటి అంకెలు మీకు ఇంకా గుర్తున్నాయా?" అని అడిగింది ఆఫీసరు.

"ఇంటికి తీసుకెళ్ళడానికి వేరే ఏమీ ఇవ్వలేదు మేడమ్."

ఆ రోజే ఆమె చేత తెల్లకాగితం మీద వాంగ్మూలం రాయించారు. కర్ర తగిలిన సంగతి, ఆఫీసరుకు చెప్పిన సంగతి, అతను ఎవరితోనూ అనొద్దన్న సంగతి, అన్నీ రాసింది. పింఛను గురించి చెల్లెలు భయపడినంతా అయినా సరే అనుకుని సంతకం పెట్టింది. కొత్త ఆఫీసరు దానికి కొలతలు జతచేసి, టెస్టు కొనసాగించాలని గట్టిగా రాసి, టెస్టుల సంగతి తేల్చే కమిటీకి పంపింది. నెలాఖరుకు బరువు దించడం ఆగింది.

ఆగింది గానీ, తప్పలేదు. పది రోజులకు కమిటీ జవాబు వచ్చింది. కొలతతో తమకు పేచీ లేదట. కానీ గేజిని తిరిగి బిగించింది అనుమతి లేని వ్యక్తి; పారిశుధ్య సిబ్బంది వాంగ్మూలాన్ని సాంకేతిక ఆధారంగా స్వీకరించే నియమం లేదట. కింద ఒక వాక్యం మాత్రం ఉంది: ఈ పరీక్ష ఫలితం తమకు అవసరమని వాడుకరులెవరైనా తెలియజేస్తే, వచ్చే నెల రెండో మంగళవారం సమావేశంలో పునరాలోచిస్తారట.

అంటే ఇరవై ఆరేళ్ళు ఆమె చేత అంకెలు రాయించుకోవడానికి నియమం అడ్డు రాలేదు. ఆ అంకెల మీద పుస్తకాలు అమ్ముకోవడానికీ అడ్డు రాలేదు. ఆమె ఒక నిజం చెప్పినప్పుడు మాత్రం నియమం నిద్ర లేచింది.

పొడుగాయన ఆ జవాబు ఫోనులో చదివి వినిపించినప్పుడు ఆమె కోప్పడలేదు. "వాడుకరులంటే ఎవరు?" అని అడిగింది.

"గొట్టాలు వాడేవాళ్ళమ్మా. కంపెనీలేమో."

"గొట్టం పక్కన నిలబడేవాడు వాడుకరి కాదా?"

ఫోను పెట్టేసింది. తరవాత ఆమె చాలాసేపు క్యాలెండరు ముందే నిలబడిపోయింది. చెల్లెలు మిషను ఆపి చూసింది. "ఏమిటక్కా?"

"ఏం లేదే. దించేస్తే దాన్ని కోసి, పాలిషు పట్టి, పెట్టెలో పడేస్తారు. అది తెగేదో తెగనిదో ఎవరికీ తెలియకుండా పోతుంది. నాకు ఏ పేరూ వద్దు. ఆ గదిలో ఒక మూల బెంచీ వేసి కూర్చోనిస్తే చాలు. గీత ఇవతలే కూర్చుంటాను."

ఆమె పేరు వద్దంది కదా అని మనం కూడా వద్దనుకోకూడదు. ఆమె అడగడానికి వెనకాడిన రెండిటినీ, రిమార్కు రాసే హక్కునూ సంతకం పెట్టే హక్కునూ, మనం అడగాలి.

ఈ పత్రిక చదివేవాళ్ళలో బాయిలరు దగ్గర డ్యూటీ చేసేవాళ్ళున్నారు, వెల్డర్లున్నారు, గొట్టాలు బిగించేవాళ్ళున్నారు, వాళ్ళ భార్యలు, భర్తలు, పిల్లలు ఉన్నారు. కమిటీ అడిగిన వాడుకరులు మీరే. ఒక ఉత్తరం రాయండి. పెద్దగా అక్కర్లేదు, మీకు వచ్చిన మాటల్లో, మీ చేతిరాతలో చాలు. పద్నాలుగో ఫర్నేసు టెస్టు మాకు అవసరం, తెగేదాకా దించొద్దు అని రాయండి. రీడింగు తీసే మనిషికి రిమార్కులు రాసే హక్కు, కింద సంతకం పెట్టే హక్కు ఇవ్వాలని కూడా రాయండి; పొడుగాయన ఇప్పటికీ అయిదు గడులే నింపుతున్నాడు. మీరు ఏ గొట్టం పక్కన, ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నారో తప్పకుండా చేర్చండి. యూనియన్లు తీర్మానం చేసి పంపితే ఇంకా మంచిది. ఉత్తరాలు పత్రిక కార్యాలయానికి చేరిస్తే అన్నీ కట్టగట్టి కమిటీ బల్ల మీద పెడతాం.

మీరు పనిచేసే చోట కూడా రిజిస్టర్లుంటాయి. ఆసుపత్రిలో, బడిలో, నీళ్ళ ట్యాంకు దగ్గర, గోదాములో. వాటిని నింపుతున్నది ఎవరో, కింద సంతకం ఎవరిదో ఒకసారి చూడండి. ఇద్దరూ ఒకరు కాకపోతే, ఎందుకు కాదో పదిమంది ముందు అడగండి.

ఈ ఉదయానికి పద్నాలుగు రీడింగు సున్నా పాయింటు ఎనిమిది అయిదు రెండు. రెండో మంగళవారానికి ఇంక పన్నెండు రోజులే ఉన్నాయి. ఉత్తరం ఈ వారంలోనే పంపండి.